2025లో మీరు మరచిపోలేని ఆట ఏది? మార్కులు వద్దు, సంగతులు చెప్పండి

బురుజు నీడ, కర్నూలు | డిసెంబరు 26, 2025

అందరికీ నమస్కారం. ఏడాది చివరికి వచ్చింది. పదికి ఎనిమిది, పదికి తొమ్మిదిన్నర అంటూ వరసలు కట్టే జాబితాలు ఎక్కడ చూసినా ఉన్నాయి, ఇక్కడ అవి వద్దు. ఈ ఏడాది ఆడిన వీడియో ఆటల్లో పడుకున్న తర్వాత కూడా తలలో తిరిగిన ఆట ఒకటో రెండో ఉంటుంది. దాని గురించి తీరిగ్గా రాయండి. ఈ ఏడాది విడుదలైనదే కానక్కర్లేదు, మీరు ఈ ఏడాది ఆడి ఉంటే చాలు. ముగింపులు మాత్రం బయటపెట్టవద్దు, ఆడనివాళ్లు చాలామంది ఉన్నారు.

నాది బ్లూ ప్రిన్స్. ఏప్రిల్ 10న వచ్చింది. టోండా రాస్ అనే ఆయన దాదాపు ఎనిమిదేళ్లు శ్రమించి చేశారు. వరసకు తాతయ్యే ఒక పెద్దాయన తన భవనాన్ని ఒక కుర్రవాడికి రాసి పోతాడు. షరతు ఒక్కటే: 45 గదుల ఆ ఇంట్లో 46వ గది ఎక్కడుందో కనిపెట్టాలి. తలుపు ముందు నిలబడితే మూడు గదుల నక్షాలు చూపిస్తుంది. ఒకటి ఎంచుకుంటే ఆ గది అక్కడ వెలుస్తుంది. రోజుకు 50 అడుగులతో మొదలు. గది మారిన ప్రతిసారీ ఒకటి తగ్గుతుంది. మరునాటికి ఇల్లంతా చెరిగిపోతుంది, మళ్లీ గుమ్మం దగ్గర నుంచి కట్టుకుంటూ పోవాలి.

మొదట్లో నేనొక్కదాన్నే ఆడాను. మా నాయన పక్క కుర్చీలో పేపరు చదువుకుంటూ ఉండేవారు. ఆయన నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. సుంకేసుల దగ్గర మొదలయ్యే కె.సి. కాలువ నక్షాలు ఎన్నో ఆయన చేతి మీదుగా పోయాయి. ఒక సాయంత్రం పేపరు మడిచి, "పాపా, ఆ గదికి తలుపులు ఎన్ని?" అని అడిగారు. మూడు అన్నాను. "మరి తీసుకెళ్లి అంచున ఎందుకు పెట్టావు? ఒక తలుపు గోడకు తగిలింది" అన్నారు. మరునాడు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి బల్ల మీద గ్రాఫ్ కాగితం, స్కేలు, చెక్కిన పెన్సిళ్లు రెండు సిద్ధంగా ఉన్నాయి. అడ్డంగా ఐదు గళ్లు, నిలువుగా తొమ్మిది.

ఆ ఇంట్లో పార్లర్ అని ఒక గది ఉంది. అందులో నీలం, తెలుపు, నలుపు రంగుల్లో మూడు పెట్టెలు. వాటి మీద మాటలు రాసి ఉంటాయి. కనీసం ఒక పెట్టె చెప్పేదంతా నిజం, కనీసం ఒక పెట్టె చెప్పేదంతా అబద్ధం. రత్నాలు ఉండేది ఒక్కదానిలోనే. నేను ఆ ఇంగ్లీషు వాక్యాలను తెలుగులో చెబితే నాయన కళ్లు మూసుకుని, "నీలం అబద్ధం అనుకుందాం..." అంటూ వేళ్లు మడుచుకునేవారు. బిలియర్డ్స్ గదిలో బాణాలు విసిరే పలక మీద రంగులతో కూడికలు, తీసివేతలు ఉంటాయి. దానికి భాషతో పనే లేదు. అది పూర్తిగా ఆయనకు వదిలేశాను.

ఈ ఆట రోజు ముగిస్తేనే సేవ్ అవుతుంది. మే నెలలో ఒక రాత్రి అంతకు ముందు ఎన్నడూ చేరనంత పైకి చేరాం. పై వరస మధ్య గదికి ఇంకొక్క తలుపే అడ్డం. ఇంతలో ఫ్యాను ఆగింది, తెర ఆరిపోయింది, వీధి మొత్తం చీకటి. నాకు ఏడుపు వచ్చినంత పనైంది. నాయన ఫోను లైటు వేసి, ఆ వెలుగులో ఆ రోజు గదులన్నీ జ్ఞాపకం మీద గీయడం మొదలుపెట్టారు. "రేపు ఈ వరస మళ్లీ రాదు నాయనా" అన్నాను. "వరస రాదు. గదిలో చూసింది ఎక్కడికి పోతుంది?" అన్నారు. నిజమే. ఇల్లు చెరిగినా గోడల మీది బొమ్మలు, బల్లల మీది ఉత్తరాలు అవే ఉంటాయి. ఆ రాత్రి ఆయన ఒక మూలన రాసిన గుర్తు వల్లనే జూన్‌లో 46వ గది దొరికింది. ఆ తర్వాత కూడా ఆట చాలా ఉంది. అది చెప్పను.

పట్టుదారం, అనంతపురం | డిసెంబరు 26

అక్కా, మీ నాయనగారికి నా నమస్కారాలు చెప్పండి.

నాది హాలో నైట్: సిల్క్‌సాంగ్. 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు, 2025 సెప్టెంబరు 4న వచ్చింది. ప్రకటించినప్పుడు నేను డిగ్రీలో ఉన్నాను, వచ్చేసరికి ఉద్యోగంలో కుదురుకున్నాను. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో గుప్పెడు మంది ఉన్న టీమ్ చెర్రీ దీన్ని తమ మొదటి ఆట హాలో నైట్‌కు చిన్న చేర్పుగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోయింది. మనకు సాయంత్రం ఏడున్నరకు విడుదల. ఆ వేళకు ప్రపంచమంతా ఒక్కసారిగా కొనబోవడంతో ఆన్‌లైన్ అంగళ్లు ఒకదాని వెంట ఒకటి కుప్పకూలాయి. నేను రాత్రి భోజనం చేసి వచ్చాక గానీ కొనలేకపోయాను.

మాది ధర్మవరం నేత కుటుంబం. గుంట మగ్గం చప్పుడు వింటూ పెరిగాను. అందుకే ఈ ఆట మిగతావాళ్లకు కనిపించినట్టు నాకు కనిపించలేదేమో. ఇది పురుగుల రాజ్యం. మనం నడిపే హార్నెట్ చేతిలో సూది, ఒంట్లో పట్టు. తెర ఎడమ మూలన పట్టు చుట్టుకునే కండె ఉంటుంది. శత్రువును కొట్టిన కొద్దీ అది నిండుతుంది, నిండిన దారంతోనే గాయాలు కట్టుకోవాలి. చచ్చిపోతే అక్కడ ఒక పట్టుగూడు మిగులుతుంది. తిరిగి వెళ్లి దాన్ని పగలగొడితే పోయిన సొత్తు చేతికి వస్తుంది, కండె నిండుతుంది. మా అవ్వ ఇది చూసి, "గూడు పగిలితే దారం ముక్కలవుతుంది, ఉడకబెట్టి కొస పట్టుకుని తీయాలి" అంది. హిందూపురం మార్కెట్టులో గూళ్లను గుప్పిట్లోకి తీసుకుని, చెవి దగ్గర ఆడించి మంచీ చెడూ చెప్పిన మనిషి ఆమె.

గాయం కట్టుకునే ఆ క్షణం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. హార్నెట్ గాలిలో ముడుచుకుంటుంది, చుట్టూ తెల్లని పోగులు ఒక్కసారి విచ్చుకుని బిగుసుకుంటాయి. మా అమ్మ పడుగులో పోగు తెగినప్పుడు రెండు కొసలనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్క మెలి తిప్పుతుంది. అతుకు ఎక్కడ పడిందో వెతికినా కనిపించదు. ఆ మెలి వేగమే ఇందులో ఉంది. దీన్ని గీసినవాళ్లు ఎక్కడో ఒకచోట నేతగాళ్ల చేతులను శ్రద్ధగా చూసి ఉంటారని నా నమ్మకం.

అక్కడ డబ్బు అంటే జపమాల పూసలు. విడిగా ఉంటే చచ్చినప్పుడు జారిపోతాయి. కొంత రుసుము ఇచ్చి దారానికి గుచ్చి దండ చేయించుకుంటే మనతోనే ఉంటాయి. నూట ఇరవై గంటలు ఆడాను. ఏడాదిలో నేను మరే పనికీ ఇంత ఓపిక పట్టలేదు.

కొలిమి, కడప | డిసెంబరు 27

పట్టుదారం తమ్ముడూ, చాలా కష్టమని విన్నాను. నాకు నలభై ఆరేళ్లు, వేళ్లు మీ అంత వేగంగా కదలవు. మొదలుపెట్టవచ్చా?

పట్టుదారం, అనంతపురం | డిసెంబరు 27

కష్టమే అన్నా, దాచి లాభం లేదు. వేటగాళ్ల దారి అనే చోట నేనే రెండు రోజులు ఆగిపోయాను. అయితే విడుదలైన కొద్ది రోజులకే ఒక అప్‌డేట్ ఇచ్చి మొదట్లో వచ్చే మూర్‌వింగ్, సిస్టర్ స్ప్లింటర్ అనే శత్రువులతో పోరాటాలను కాస్త తేలిక చేశారు. మొదట్లో కిందికి కొట్టే దెబ్బ ఏటవాలుగా పోతుంది, పాత ఆట అలవాటు ఉన్నవాళ్లను అదే తికమక పెడుతుంది. ముందుకు పోతే కొత్త చిహ్నాలు దొరుకుతాయి, వాటితో ఆ దెబ్బ తీరు మారుతుంది. ఒకచోట ఆగిపోతే గోడకు తల కొట్టుకోకుండా మరో దారి పట్టండి, అక్కడ ఏదో ఒక సాధనం దొరుకుతుంది.

కొలిమి, కడప | డిసెంబరు 27

చూస్తాను తమ్ముడూ. ఇక నా వంతు.

కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్ 2. ఫిబ్రవరి 4న వచ్చింది. ప్రాగ్ నగరంలోని వార్‌హార్స్ వాళ్లది. 1403 నాటి బొహీమియా, అంటే నేటి చెక్ దేశం. మాయలు లేవు, మంత్రాలు లేవు. కథానాయకుడు హెన్రీ కమ్మరి కొడుకు. ఆకలేస్తే తినాలి, నిద్ర వస్తే పడుకోవాలి, స్నానం చేయకపోతే జనం ముక్కు మూసుకుంటారు. రెండో సగంలో కుట్టెన్‌బర్గ్ వస్తుంది. అది నేటి కుత్నా హోరా, ఒకప్పుడు వెండి గనులతో వెలిగిన ఊరు. ఆ వీధుల్లో పని ఏమీ పెట్టుకోకుండా రెండు గంటలు నడిచాను.

నాకు దీని మీద ఇంత మమకారం కలగడానికి కారణం కొలిమి. ఇనుప కడ్డీని నిప్పుల్లో పెట్టి తిత్తి ఊదాలి. రంగు చూసుకుని పటకారుతో తీసి దాగలి మీద పెట్టాలి. ఒకేచోట కొట్టకూడదు, సమ్మెట దెబ్బ కడ్డీ పొడవునా పాకాలి. ఒకవైపు అయ్యాక తిప్పి రెండో వైపు. ఎరుపు తగ్గుతూ వస్తుంది, నల్లబడక ముందే మళ్లీ నిప్పుల్లోకి. దెబ్బలు లయలో పడితే హెన్రీ ఈల వేస్తాడు.

మా పల్లెలో ఇంటి పక్కనే కమ్మరి కొట్టం ఉండేది. ఎండాకాలం సెలవుల్లో తిత్తి తాడు లాగడానికి మేం పిల్లలం పోటీ పడేవాళ్లం. ఆ కమ్మరి తాత మాట్లాడేవాడు కాదు. చిన్న సుత్తితో దాగలి మీద ఒక్కసారి టంగుమనిపిస్తే ఊదడం ఆపమని, రెండుసార్లు కొడితే పెంచమని. ట్రాక్టర్ నాగళ్లు వచ్చాక కొట్టం మూతపడింది, ఇప్పుడు అక్కడ ఒక సిమెంటు గది ఉంది. ఆటలో తాచోవ్ పల్లె కమ్మరి దగ్గర మొదటి కత్తి సాగగొట్టినప్పుడు కాలుతున్న బొగ్గు వాసన వచ్చినట్టనిపించింది. మా అబ్బాయిని పిలిచి కూర్చోబెట్టి, ఇది తిత్తి, ఇది దాగలి, ఇది పటకారు అని చూపించాను. వాడు పదో తరగతి. ఆ మాటలు వాడు వినడం అదే మొదటిసారి.

ఒంటరి చుక్క, కర్నూలు | డిసెంబరు 27

అందరూ ఇంట్లోవాళ్లతో కలిసి ఆడిన సంగతులే రాస్తున్నారు. చదవడానికి బాగుంది గానీ నా మాట వేరు. నాకు ఆట అంటే తలుపు వేసుకుని ఒక్కడినే ఉండే చోటు. పక్కన ఎవరైనా కూర్చుంటే నేను ఆడలేను.

క్లేర్ ఆబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33. ఏప్రిల్ 24న వచ్చింది. ఫ్రాన్స్‌లోని మాంపెలియేలో సాండ్‌ఫాల్ అనే చిన్న సంస్థ మొదటి ఆట. ఈ డిసెంబరులో ది గేమ్ అవార్డ్స్‌లో ఏటి ఉత్తమ ఆటగా నిలిచింది. బహుమతి వచ్చిందని కాదు నేను రాస్తున్నది. సముద్రం అవతల ఒక రాతి స్తంభం, దాని కింద ఒక చిత్రకారిణి. ఏడాదికొకసారి లేచి ఒక అంకె రాస్తుంది. ఆ వయసు వాళ్లందరూ పొగలా కరిగిపోతారు. ఏటేటా అంకె ఒకటి తగ్గుతుంది. ఈసారి రాసేది 33.

నాకు అక్టోబరులో 33 నిండాయి. ఆట మొదలవగానే ఊరంతా రేవు వైపు కదులుతుంది. వెళ్లిపోవలసినవాళ్ల మెడలో పూలదండలు. ఏడ్చేవాళ్లు ఉన్నారు, ఇంట్లో సామాను ఎవరికి ఇవ్వాలో మాట్లాడుకునేవాళ్లూ ఉన్నారు. ఆ సామాను మాటలే నన్ను పట్టుకున్నాయి. మా పెదనాన్న పోయే ముందు నెల రోజులు ఏ బీరువా ఎవరికో, ఏ గడియారం ఎవరికో చెబుతూ ఉండేవారు. అప్పుడు నాకు విసుగొచ్చింది. ఈ ఆట ఆడిన రాత్రి ఆ విసుగు గుర్తొచ్చి చాలాసేపు తెర ముందు నుంచి లేవలేదు.

పోరాటం వంతులవారీగా సాగుతుంది, కానీ అవతలివాడు కొట్టే క్షణానికి సరిగ్గా బటన్ నొక్కితే దెబ్బ తప్పుతుంది, ఎదురు దెబ్బ పడుతుంది. కళ్లతో కంటే చెవులతో పట్టుకోవడం మేలని నాకు పదో గంటకు తెలిసింది. సంగీతం అంత బాగుంది కాబట్టి చెవులు ఎలాగూ అక్కడే ఉంటాయి. ఆ సంగీతకర్త లోరియన్ టెస్టార్ పాటలు దర్శకుడు గియోమ్ బ్రోష్‌కు మొదట దొరికింది ఇలాంటి ఒక ఇంటర్నెట్ చర్చావేదికలోనే.

బురుజు నీడ, కర్నూలు | డిసెంబరు 27

మీ మాట వేరని అన్నారు గానీ, ఆ బీరువాల సంగతి చదివి నేను కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఒక్కరే ఆడటం తక్కువని నేను అనలేదు, అలా ధ్వనించి ఉంటే మన్నించండి. కొలిమి అన్నా, వేళ్ల వేగం అక్కర్లేని తేలిక స్థాయి ఈ ఎక్స్‌పెడిషన్ 33లో ఉంది, మీరు నిశ్చింతగా ఆడవచ్చు.

పాలకొండ గాలి, కడప | డిసెంబరు 28

ఇక్కడ రాసిన వాటిలో ఒక్కటీ నేను ఆడలేను. నా దగ్గర ఉన్నది పన్నెండు వేల రూపాయల ఫోను. అయినా రాస్తున్నాను, ఎందుకంటే బలాత్రోతో నాకు ఈ ఏడాది నిండుగా గడిచింది.

2024 ఫిబ్రవరిలో కంప్యూటర్లకు, అదే సెప్టెంబరులో ఫోన్లకు వచ్చింది. కెనడాకు చెందిన ఒకాయన, లోకల్‌థంక్ అనే మారుపేరుతో దాదాపు ఒంటరిగా చేశాడు. పేకముక్కల ఆట. ఐదు ముక్కలూ ఆఠీనులే పడితే ఇన్ని పాయింట్లు, జతలు పడితే ఇన్ని అని మొదలవుతుంది. దాని మీద 150 రకాల జోకర్లు. ఒక్కొక్కటి ఒక్కో నియమాన్ని తిరగరాస్తుంది. ఐదు జోకర్లకే చోటు. ఏది ఉంచాలి, ఏది అమ్మేయాలి అన్నదే అసలు ఆట. నా పనికి వెళ్లే బస్సు ముప్పావుగంట, ఆ ముప్పావుగంటలో ఒక ఆట సరిగ్గా పడుతుంది.

ఇంట్లో మాత్రం పెద్ద గొడవైంది. అమ్మ ఫోనులో ముక్కలు చూసి అన్నం పెట్టకుండా లేచి వెళ్లిపోయింది. ఆమెను తప్పు పట్టలేను. మా దగ్గరి బంధువు ఒకాయన ఆన్‌లైన్ రమ్మీలో పొలం మీద తెచ్చిన అప్పంతా పోగొట్టుకున్నాడు. అందుకని ఒక ఆదివారం ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం చూపించాను. ఒక్కసారి డబ్బు కట్టి కొన్నాను, అంతే. లోపల రూపాయి పెట్టే చోటూ లేదు, గెలుచుకునే రూపాయీ లేదు, అవతల మనిషీ లేడు. ప్రకటనలు లేవు, ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. అమ్మ అంతా విని, "మరి ముక్కలు ఎందుకు పెట్టాడు, వేరే బొమ్మలు పెట్టుకోవచ్చు కదా" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు తిట్టడం లేదు, చూడటమూ లేదు.

కొలిమి, కడప | డిసెంబరు 28

మీ అమ్మగారికి కలిగిన అనుమానమే యూరప్‌లో పెద్దలకూ కలిగింది తమ్ముడూ. అక్కడ ఆటలకు వయసు నిర్ణయించే పెగీ సంస్థ బలాత్రోకు మొదట 18 ఏళ్లు పెట్టింది, అప్పీలు తర్వాత 2025 ఫిబ్రవరిలో 12కు తగ్గించింది.

మన రాష్ట్రంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్లను 2020లోనే నిషేధించారు. ఈ ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అందులో పందెం ఆటలు వేరు, మామూలు వీడియో ఆటలు వేరు అని విడదీసి చెప్పారు. ఆ తేడా చట్టంలో ఉంది గానీ మన ఇళ్లలోకి ఇంకా రాలేదు. మా ఆఫీసులో "గేమ్ ఆడతాను" అంటే "ఎంత పోయింది?" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఈ విషయంలో నాకు నిజంగా బాధ ఉంది.

గుత్తి కోట, అనంతపురం | డిసెంబరు 28

నేను క్లుప్తంగా రాస్తాను. స్ప్లిట్ ఫిక్షన్, మార్చి 6. ఇద్దరు కలిస్తే తప్ప ఆడలేని ఆట. మియో, జోయీ అని ఇద్దరు రచయిత్రులు తాము ఊహించిన కథల్లోనే చిక్కుకుంటారు. ఒకరు కొంటే చాలు, రెండోవారు ఉచితంగా చేరవచ్చు. నేను కొన్నాను, మా తమ్ముడు హైదరాబాదు హాస్టల్ నుంచి చేరాడు. అమ్మ పోయాక మేమిద్దరం ఫోనులో "తిన్నావా, తిన్నాను" కంటే ఎక్కువ మాట్లాడుకోలేదు. ఈ ఆటలో మాట్లాడకపోతే అడుగు ముందుకు పడదు. "అక్కా, ఇప్పుడు దూకు, ఇప్పుడే" అని వాడు అరిచిన అరుపు ఇంకా చెవుల్లో ఉంది. పందిపిల్లలుగా మారే ఘట్టంలో ఇద్దరం నవ్వీ నవ్వీ ఆట ఆపేశాం, ఆపేసి అర్ధరాత్రి దాకా అమ్మ గురించి మాట్లాడుకున్నాం.

బంతి, అనంతపురం | డిసెంబరు 29

గుత్తి కోట అక్కా, మీరు క్లుప్తంగా రాసినదే అన్నింటికంటే బరువుగా ఉంది.

ఎవరూ ఎత్తని ఒక చిన్న ఆట గురించి రాస్తాను. దెస్పెలోతే, మే 1న వచ్చింది. రెండు గంటల్లో అయిపోతుంది. 2001, ఈక్వడార్ రాజధాని కీటో. ఆ దేశం అంతకు ముందు ఒక్కసారి కూడా ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు వెళ్లలేదు, ఈసారి వెళ్లేలా ఉంది. మనం ఎనిమిదేళ్ల జూలియాన్. మనకు ఒక బంతి ఉంటుంది. గెలవాల్సిన పోటీ లేదు, పాయింట్లు లేవు. అమ్మ చెప్పిన వేళకు ఇంటికి రావాలి, అంతే. పార్కులో పెద్దవాళ్లు మాట్లాడుకుంటూ ఉంటారు, టీవీ ఉన్న ప్రతి కొట్టు ముందూ జనం గుమిగూడి ఉంటారు. మనం బంతితో సీసాలు పడగొట్టుకుంటూ తిరుగుతాం. వీధుల చప్పుళ్లు నిజంగా ఆ ఊళ్లోనే రికార్డు చేశారు. ఊరు ఫొటోలా మసకగా ఒకే రంగులో ఉంటుంది, మనుషులు, బంతి మాత్రం గీతల్లో తెల్లగా కనిపిస్తారు. ఉరుగ్వేతో 1-1 డ్రా అయిన మ్యాచ్‌తో వాళ్లు నిజంగానే 2002 ప్రపంచకప్‌కు వెళ్లారు. అది చరిత్రే కాబట్టి చెప్పినా తప్పు లేదు.

నేను సాయంత్రాలు పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తాను. క్రికెట్ తప్ప మరొకటి కనిపించని రాష్ట్రంలో, ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ మైదానాల వల్ల బంతిని కాలితో ఆడే పిల్లలు మా ఊళ్లో వందల్లో ఉన్నారు. వాళ్లలో పదకొండేళ్ల పాప ఒకతెకు ఈ ఆట చూపించాను. అరగంట ఒక్క మాట మాట్లాడలేదు. ఆటలో అమ్మ పిలుపు వినిపించగానే చటుక్కున గోడ గడియారం చూసింది, చెప్పులు వేసుకుని ఇంటికి పరుగెత్తింది. నిజంగానే ఆరున్నర దాటింది. స్పానిష్ ఒక్క ముక్క రాని పిల్ల ఆ గొంతులోని ఏ జీరను పట్టుకుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

పట్టుదారం, అనంతపురం | డిసెంబరు 29

బంతి అన్నా, ఇప్పుడే కొన్నాను. ఈ రాత్రికే ఆడతాను.

ఒంటరి చుక్క, కర్నూలు | డిసెంబరు 29

నేనూ కొన్నాను. ఒక్కడినే ఆడతాను.

బురుజు నీడ, కర్నూలు | డిసెంబరు 30

నిన్న రాత్రి ఈ చర్చ మొత్తం నాయనకు చదివి వినిపించాను. కమ్మరి తాత సుత్తి సైగల దగ్గర మళ్లీ చదవమన్నారు. ఆయన దగ్గర ఒక ప్రశ్న ఉంది, పట్టుదారం గారికి: "ఆ పురుగుల రాజ్యానికి పటం ఉంటుందా? ఉంటే ఎవరు గీస్తారు?"

పట్టుదారం, అనంతపురం | డిసెంబరు 30

అక్కా, నాయనగారికి ఇలా చెప్పండి. షక్రా అని ఒక యోధురాలు ఉంటుంది, పాడుకుంటూ దేశమంతా తిరిగి పటాలు గీస్తుంది. కొత్త ప్రాంతంలోకి వెళ్లినప్పుడు ఎక్కడి నుంచో ఆమె పాట వినిపిస్తుంది. ఆ దిక్కుకు వెళితే పటం అమ్ముతుంది. కానీ ఆ పటం అసంపూర్ణం, మిగతాది మనమే నింపుకోవాలి. అదీ నడుస్తూ ఉండగా నిండదు. బల్ల దొరికి, కూర్చున్నప్పుడే అప్పటిదాకా తిరిగిన దారులు పటం మీద పడతాయి.

బురుజు నీడ, కర్నూలు | డిసెంబరు 31

చెప్పాను. "క్షేత్రంలో కొలతలు, ఆఫీసుకొచ్చి గీతలు. పద్ధతి తెలిసిన మనిషి" అన్నారు. ఈ ఉదయం కొత్త గ్రాఫ్ పుస్తకం తెచ్చుకున్నారు. ఆదివారం మొదలుపెడుతున్నాం. నేను ఆడతాను, పటం ఆయన చూసుకుంటారు. మొదట్లో జాగ్రత్తపడవలసినది ఏమైనా ఉంటే చెప్పండి.

పట్టుదారం, అనంతపురం | డిసెంబరు 31

ఒక్కటే. షక్రా మొదట మ్యారో అనే ప్రాంతంలో కనిపిస్తుంది. పటంతో పాటు ఈక కలం కూడా ఆమె దగ్గరే కొనుక్కోండి. అది లేకపోతే ఎంత తిరిగినా పటం మీద కొత్త గీత పడదు. ముందు కలానికి పూసలు మిగుల్చుకోమని నాయనగారికి చెప్పండి.